నేను తీసుకోని మిఠాయి డబ్బ

నన్ను ఎరిగినోళ్లు ఎవరైనా చెప్తరు, నేను నోరు మూసుకునే మనిషిని కానని. రేషన్ దుకాణంల, బస్సుల, బ్యాంకుల, ఆఖరికి చుట్టాల పెండ్లిలల్ల గూడ మాటకు మాట అన్నదాన్నే గని, మాట మింగినదాన్ని గాను. గసొంటి నేను ఒక్కసారి, అడగాల్సిన మాట నాలుక చివరికొచ్చినంక మింగిన. అది నా మొదటి కొలువు కుదిరిన దినం. గా ఒక్క మాటకు ఎంత లొల్లి అయిందో ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తది. అప్పుడు మాత్రం నవ్వు రాలే.

మాది కిషన్‌బాగ్. బాపుకు ఎనిమిది బర్లు. తెల్లారకముందే పాలు పిండి, సైకిలుకు రెండు దిక్కుల క్యాన్లు కట్టుకొని, పురానాపూల్ దాటి బేగంబజార్ గల్లీలల్ల ఇంటింటికి పోసొస్తుండె. గా ఇండ్లల్ల ఒకటి మునీమ్‌జీది. స్టీలు గిన్నెలు టోకున అమ్మే ఒక సేటు దగ్గర ముప్పై ఏండ్ల సంది లెక్కలు రాస్తున్న పెద్దమనిషి ఆయన. ఒకనాడు గిన్నె పట్టుకొని పాలు పోయించుకుంటనే అన్నడట: "మా సేటు ఇప్పుడు కంపెనీ అయిండు. ఇంగ్లీషుల, తెలుగుల ఉత్తరాలు రాసే మనిషి కావాలె. నీ బిడ్డ బీయే చేసింది గద?"

నేను బీయే పాసై, టైపు లోయరు గూడ పాసై, ఆర్నెల్ల సంది ఇంట్ల కూసొని అవ్వతోని రోజూ పంచాయితీ పెట్టుకుంటున్న. అవ్వ బాపు కన్నా ముందు సంబురపడ్డది. కొలువు వచ్చినందుకు గాదు, పగటిపూట ఇల్లు జర నిమ్మళంగ ఉంటదని.

కంపెనీ అంటే పెద్దగ ఊహించుకోకుండ్రి. కింద దుకాణం, పైన ఒక అర్ర. అర్రల టైపు మిషిను, ఒక స్టూలు, ఇనుప కొక్కేనికి గుచ్చిన ఉత్తరాలు. బోర్డు మీద సేటు పేరు పక్కన "అండ్ కంపెనీ" అని కొత్తగ రాయించిండ్రు, ఆ రంగు వాసన ఇంక పోలే. గడ్డిల చుట్టిన గిన్నెలు లారీలనుంచి దింపుతుంటే అర్ర కింద ఒకటే గలగల. పక్క గల్లీలకెల్లి ఎండుమిర్చి ఘాటు. తుమ్ముకుంట టైపు కొట్టుడు నేను అక్కడనే నేర్చుకున్న. హమాలీల "బాజూ, బాజూ" కేకలు ఇప్పటికి గూడ ఎప్పుడన్న చెవుల వడితే, నాకు తెల్వకుండనే ఒక పక్కకు జరుగుత.

సేటు తెల్ల గద్దె మీద కూసొని ఉండె. నలబై ఐదేండ్లుంటయి. బాపు వాకిట్లనే చెప్పులిడిసి నిలబడ్డడు. సేటు నాకు ఒక కాగితం ఇచ్చి, "జనగామ దుకాణందారు మాల్ వాపస్ పంపిండు. తీసుకోం అని రాయి. కానీ ఆయన మనసు నారాజ్ కావొద్దు" అన్నడు. నేను రాసిన. చదివించుకొని విన్నడు. తల ఊపిండు. జీతం ఎంతో మునీమ్‌జీ ముందే బాపుకు చెప్పి ఉండె. "కల్ సే ఆజా బేటీ" అన్నడు, రేపటినుంచి రమ్మని.

అప్పుడు అడిగిన. "ఎన్ని గంటలకు రావాలె సేట్‌జీ? ఎన్ని గంటలకు పోవాలె?"

బాపు దగ్గిండు. మునీమ్‌జీ కండ్లద్దాల మీంచి చూసిండు. సేటు నవ్విండు. "ఇదేమన్న గవర్నమెంటు ఆఫీసా? ఇంటి లెక్క అనుకో. పని ఉన్నప్పుడు ఉంటవ్, లేనప్పుడు పోతవ్."

పని ఎన్నింటిదాంక ఉంటది అని అడగాలె గద. మాట నోటిదాంక వచ్చింది. బాపు నా దిక్కు చూసిన చూపు యాదికొస్తే ఇప్పటికి నాకు తిక్కనే. పాలు పోసే ఇంటోళ్ల ముందల నా ఇజ్జత్ తియ్యకు అన్నట్టు చూసిండు. ఊకున్న.

పని ఎన్నింటిదాంక ఉంటదో మొదటి వారంలనే తెలిసింది. బేగంబజార్ల పగలంత గిరాకీ. సేటుకు ఉత్తరాల సంగతి యాదికొచ్చేదే సాయంత్రం ఐదింటికి, గిరాకీ తగ్గినంక. అప్పుడు గద్దె దిగి, మెట్లెక్కి, అర్రల అటూ ఇటూ తిరుగుకుంట ఒక్కొక్క ఉత్తరం చెప్పేది. పగలంత నేను స్టూలు మీద ఈగలు కొట్టుకుంట కూసునుడు, ఐదింటినుంచి ఏడింటిదాంక వేళ్లు ఇరిగేటట్టు కొట్టుడు. ఇంటి లెక్క అన్నడు గద, ఇంటి లెక్కనే. మా ఇంట్ల గూడ అవ్వకు పని యాదికొచ్చేది నేను చదువుకోను కూసున్నప్పుడే.

అబద్ధమెందుకు, మొదట్ల నాకు నచ్చింది. పగటీలి తిండి యాళ్లకు సేటు ఇంటికెల్లి రొట్టెలు వచ్చేటియి, నాకు గూడ ఒక కంచం. వాన గట్టిగ పడితే సేటు నన్ను సరుకు టెంపోల పురానాపూల్ దాటిచ్చేది. నాలుగింటికి చాయ్. ఇసొంటి మర్యాదలు చూసి నేను ఒకరిద్దరు దోస్తులకు గొప్పలు గూడ చెప్పిన.

వానాకాలంల నాకు లా కాలేజీల సీటొచ్చింది. కోఠి అవతల, సాయంత్రం కాలేజీ, ఆరింటికి మొదటి క్లాసు. బాపు అన్నడు: "లొల్లి పెట్టుడు నీకు పుట్టుకతోనే వచ్చు. మల్ల దానికి కాలేజీ ఎందుకే?" అన్నడు గని, ఫీజు కట్టి రసీదు నా చేతుల పెట్టిండు.

ఇగ చూడుండ్రి నా తిప్పలు. ఐదింటికి బయటపడితే నడుచుకుంట ఆరింటికి క్లాసుల ఉంటా. ఐదింటికే సేటు మెట్లెక్కుతడు. నిజం చెప్పి అడిగితే అయిపోవు. కానీ అడుగుతే "ఇంటి పిల్ల" గంటలు లెక్కవెడుతున్నదంటరని మొహమాటం. నాకు మొహమాటమట! అబద్ధాలు మొదలువెట్టిన. ఒకనాడు తలనొప్పి. ఒకనాడు బర్రె ఈనుతున్నది. ఆ మూడు నెలల్ల మా అవ్వకు ఎన్నిసార్లు జ్వరమొచ్చిందో ఆమెకే తెల్వదు. మా ఎనిమిది బర్లు పది దూడల్ని ఈనినయి. గట్ల ఎంత చేసినా వారంల రెండు దినాలకంటే ఎక్కువ పోలేకపోయిన. కాలేజీ గుమస్తా ఒకనాడు హాజరు పుస్తకం ముందలేసి చూపిచ్చిండు. "చూడమ్మా, నీ పేరు ముందల అంతా ఖాళీ. దీపావళి నుంచి రోజూ రాకపోతే పరీక్షకు కూసోనియ్యరు. ఈ యాడాది పోయినట్టే" అన్నడు.

యాడాది పోవుడంటే నాకు ఒక్క యాడాది పోవుడు గాదు. బాపు మల్ల ఫీజు కట్టడు. కట్టమని నేను అడగను. పోతే చదువే పోతది.

గప్పుడు నిర్ణయం తీసుకున్న. దీపావళికి సేటు మంచిగుంటడు, గప్పుడే అడగాలె అని.

దీపావళి దినం మధ్యాహ్నమే పూజ ముహూర్తం. దుకాణమంత కడిగి బంతిపూలు కట్టిండ్రు. గద్దె మీద కొత్త ఎర్ర లెక్కల పుస్తకాలు, వాటి మీద కుంకుమ బొట్లు. పూజ అయినంక సేటు ఒక్కొక్కరిని పిలిచి, ఎర్ర దారం కట్టిన మిఠాయి డబ్బ రెండు చేతులతోని ఇస్తున్నడు. ముందుగాల మునీమ్‌జీ. తర్వాత ఇద్దరు గుమస్తాలు. తర్వాత హమాలీల మేస్త్రీ. అందరు కండ్లకద్దుకొని తీసుకుంటున్నరు. ఒక మిఠాయి డబ్బకు ఇంత భక్తి ఏంది అనుకున్న నేను. కలాకంద్ అంత మంచిగుంటదేమో అనుకున్న.

ఆఖరుకు నేను. సేటు డబ్బ చాపిండు. నేను చేతులు ఎనుకకు పెట్టుకున్న.

"సేట్‌జీ, మిఠాయి సంగతి తర్వాత. నాకు ముందు ఒక్క మాట చెప్పుండ్రి. పండుగ సెలవులైనంక నేను రోజూ ఐదింటికి పోవాలె. పోనిస్తరా లేదా? చెప్తెనే డబ్బ తీసుకుంట."

నవ్వుకుంటనే అన్న. చనువుతోని అన్న. మా ఇంట్ల పండుగనాడు బాపుతోని గిట్లనే బేరం పెట్టుకుంటుంటి. కానీ దుకాణంల మిర్చి ఘాటు గూడ ఆగిపోయినట్టయింది. మేస్త్రీ తల దించుకున్నడు. సేటు చాపిన చేతులు చానసేపు అట్లనే ఉంచి, తర్వాత డబ్బను మెల్లగ గద్దె మీద పెట్టిండు.

"మర్జీ తుమ్హారీ" అన్నడు. నీ ఇష్టం అని.

ఆలోచించుకొని చెప్తడేమో అనుకున్న. కలాకంద్ పోయినందుకు దారి పొడుగున జర బాధపడ్డ గూడ.

రెండు దినాల సెలవు అయినంక పొద్దుగాల పోయిన. పైన అర్రల టైపు మిషిను మీద బట్ట కప్పి, దారం కట్టి ఉన్నది. నా స్టూలు బోర్లించి బల్ల మీద పెట్టిండ్రు. కిందికొచ్చి మునీమ్‌జీని అడిగిన, "అర్ర కడుగుతున్నరా ఏంది?" అని.

ఆయన కలం ఆపిండు. "ఎందుకొచ్చినవ్ బిడ్డా?"

"ఎందుకొచ్చినవ్ ఏంది? కొలువుకు."

"నువ్వు కొలువు ఇడిసినవ్ గద."

"నేనెప్పుడు ఇడిసిన?"

"దీపావళికి. అందరి ముందల. డబ్బ తీసుకోలే గద."

అప్పుడు చెప్పిండు. ఆ దుకాణంల సేటు తాత కాలం సంది, పనిమనుషుల కుదురుడు దీపావళినుంచి దీపావళికి. కొత్త పుస్తకాలతోని కొత్త కుదురుడు. సేటు డబ్బ ఇచ్చిండంటే "వచ్చే దీపావళి దాంక నువ్వు మా మనిషివి" అన్నట్టు. తీసుకుంటే "ఉంటా" అన్నట్టు. తీసుకోకపోతే "పోతున్న" అన్నట్టు. ఎవ్వలూ నోటితోని ఏమీ అనరు. ఇయ్యకపోతే గూడ అంతే, మారుమాట లేకుండ తెల్లారి రారు.

"గది నాకెవ్వలు చెప్పిండ్రు?" అని అరిచిన.

"నువ్వు అడిగినవా?"

"అడిగితే గవర్నమెంటు ఆఫీసా అన్నరు గద!"

మునీమ్‌జీ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "అది గంటల సంగతి బిడ్డా. ఇది డబ్బ సంగతి."

ఇంటికొచ్చి బాపుకు చెప్పిన. బర్లకు కుడితి పెడుతుండె. బకెటు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసిండు. "మా నాయిన ఊళ్లె జీతమున్నప్పుడు ఉగాది నాడు పటేలు చేతులకెల్లి తాంబూలం తీసుకుంటే యాడాది కుదిరినట్టు. గిది గూడ తెల్వదు నీకు. బీయే ఏం జదివినవే?"

"బీయేల తాంబూలం పాఠం లేదు బాపు."

"ఉంటే బాగుండు" అన్నడు. జరసేపటికి, "నేనొచ్చి చెప్తా తియ్. మునీమ్‌జీది పాలు పోసే ఇల్లు, కాదనడు" అన్నడు.

వద్దన్న. ఒకసారి బాపు ఎంబడి పోయి నోరు మూసుకున్నది చాలు.

తెల్లారి దుకాణం తెరిచే యాళ్లకు ఒక్కదాన్నే పోయిన. సేటు అప్పుడే వచ్చి గద్దె మీద కూసున్నడు. ఇంక గిరాకీ లేదు. మునీమ్‌జీ లెక్కలు రాస్తున్నట్టు నటిస్తున్నడు.

"సేట్‌జీ, తప్పయింది" అన్న. "కానీ సగమే."

"ఆధా?" కనుబొమ్మలు లేపిండు. "మిగిలిన సగం ఎవలది?"

"మీది."

మునీమ్‌జీకి దగ్గొచ్చింది. సేటు మాత్రం కోపానికి రాలే. మెల్లగ అన్నడు, "లక్ష్మి ముందల చాపిన చెయ్యిని వాపస్ చేసినవ్ బేటీ. ఇరవై ఏండ్లల్ల ఎవ్వలూ చెయ్యలే. రెండు దినాలు నా నోటికి తిండి పోలే."

గది నేను అనుకోలే. నన్ను తీసేసి కుశాలుగ ఉన్నడనుకున్న. అయినా నేను నేనే గద.

"నేను మీకు ఉత్తరాలు రాస్తున్న గద సేట్‌జీ. ప్రతి ఉత్తరం కింద నాలుగు షరతులు కొట్టిస్తరు. అమ్మిన మాల్ వాపస్ తీసుకోం. దారిల సొట్టపడితే మా జిమ్మేదారీ లేదు. గిన్నెకు ఇన్ని షరతులు కాగితం మీద పెడతరు. మనిషికి ఒక్కటి లేదా?"

సేటు ఎనుకకు ఆనుకున్నడు. "బర్తన్ బోల్తా నహీ. గిన్నె మాట్లాడదు, అందుకని దాని మాట కాగితం చెప్తది. మనిషికి నోరుంటది. అడగాలె."

"అడిగిన. మొదటి దినమే అడిగిన."

"అడిగి ఊకున్నవ్. ఎందుకూకున్నవ్? మూడు నెలలు అమ్మకు జ్వరం, బర్రె ఈనింది అంటివి. కాలేజీ అని ఒక్కసారి చెప్పలే. నాకు మునీమ్‌జీ చెప్పిండు. పాలు పోసేటప్పుడు నీ బాపు చెప్పిండంట."

మునీమ్‌జీ పుస్తకంలకు ఇంక వంగిండు. నా అబద్ధాలన్నీ సేటుకు ఎరుకే. ఎరుకుండి గూడ ప్రతిసారి "జా బేటీ, అమ్మకు మందియ్యి" అని పంపిండు. నేను లోపల్లోపల ఎంత తెలివిగల్లదాన్నో అనుకుంట మెట్లు దిగేది.

"ఐదింటికి పోతే నా ఉత్తరాలు ఎవలు రాయాలె?" అన్నడు సేటు.

అడిగిండంటే తలుపు తెరిచినట్టే. నేను అప్పటికే ఆలోచించుకొని ఉన్న. "మీరు పొద్దుగాల ఎనిమిదిన్నరకు వస్తరు. తొమ్మిదిన్నర దాంక గిరాకీ ఉండదు. అప్పుడు చెప్పుండ్రి. నేను ఎనిమిదిన్నరకు వస్తా. పగలంత ఖాళీగ కూసునే బదులు పగలే కొడతా. ఐదింటికల్ల టపాల పడతయి, ఇప్పటి లెక్క తెల్లారి గాదు."

సేటు మునీమ్‌జీ దిక్కు చూసిండు. మునీమ్‌జీ, "టపా ఒక దినం ముందు పోతది, గదైతే నిజమే" అన్నడు గోడకు చెప్తున్నట్టు.

"రాసుకొని రా" అన్నడు సేటు. "నీకు కాగితం కావాలె గద. కాగితమే ఇస్త."

పైకి పోయి, స్టూలు దించి, మిషిను మీది బట్ట తీసిన. పనివేళలు ఎనిమిదిన్నరనుంచి ఐదు. పని ఇంగ్లీషు, తెలుగు ఉత్తరాలు. పగటీలి తిండికి అర్ధగంట. ఇడిసిపోవాలంటే ఎవలైనా నెల ముందు చెప్పాలె. ఆదివారం సెలవు. ఐదు లైన్లు. సేటు చదివించుకొని, తన లెక్కల పుస్తకాల లిపిల, మీద గీత లేని హిందీ అసొంటి అక్షరాలతోని, కింద సంతకం పెట్టిండు. ఒక ప్రతి నాకు, ఒకటి ఆయన పెట్టెల.

సాయంత్రం మునీమ్‌జీ మెట్లెక్కి వచ్చిండు. మోకాళ్లు నొప్పులు, ఊకె ఎక్కేటోడు గాదు. "నాది గూడ ఒకటి కొట్టు బిడ్డా" అన్నడు గొంతు తగ్గిచ్చి. కాగితం ఎక్కించిన. "పోయే టైము ఎంత పెట్టమంటరు మునీమ్‌జీ?" అన్న. ఆయన కిటికీలకెల్లి బజారు దిక్కు చూస్కుంట నిలబడ్డడు. "ఇడిసిపెట్టు తియ్" అన్నడు. "ఐదింటికి ఇంటికి పోయి నేనేం చెయ్యాలె?" గా ఖాళీ కాగితాన్ని మిషినుకెల్లి తీసినప్పటి చప్పుడు నాకు ఇప్పటికి యాదికుంది.

కాగితం వచ్చినంక కొన్ని పోయినయి గూడ. పగటీలి అర్ధగంట అని నేనే రాసుకున్న గద, రొట్టెల కంచం రాలే. ఎవ్వలూ బంద్ చెయ్యలే, నా టిపిను డబ్బ నేను తెచ్చుకుంటున్న అనుకొని పెట్టలే. సగం నెల నేను నోరిప్పి అడగలే. ఆఖరుకు "షరతులల్ల రొట్టెలు రాసుకోలే గని, మునుపటి లెక్క పెడితే తింట" అని కబురు పంపిన. కిందికెల్లి సేటు నవ్వు వినవడ్డది. రొట్టెలు వచ్చినయి.

ఒకనాడు నాలుగున్నరకు పెద్ద లారీ వచ్చింది. పెండ్లిల్ల కాలం. సరుకు వచ్చిందని ఎనిమిది ఊర్ల దుకాణందార్లకు రాయాలె. నేను ఐదో ఉత్తరం మీద ఉన్న. వేళ్లకు ఊపొచ్చి ఉన్నది. సేటు మెట్లెక్కి వచ్చి గడియారం చూసిండు.

"ఐదైంది. ఉఠో, లెవ్వు."

"ఇంక మూడే ఉన్నయి సేట్‌జీ. పావుగంట."

"కాగజ్ పే క్యా హై? కాగితం మీద ఏమున్నది?"

"నేనే ఉంటా అంటున్న గద!"

"ఇయ్యాల పావుగంట నువ్వు ఉంటవ్. రేపు అర్ధగంట నేను ఉండమంట. ఎల్లుండి నువ్వు లడాయికి వస్తవ్. నాకు నీతోని లడాయి చేసే తాకత్ లేదు." ఆయనే బట్ట తీసి మిషిను మీద కప్పిండు, నా వేళ్లు ఇంక దాని మీద ఉండంగనే. కొట్లాడి సంపాదించుకున్న ఐదింటికి నన్నే బయటికి గెంటుతుంటే, కోపంతోని కోఠి దాంక ఎట్ల నడిచిననో తెల్వదు. క్లాసుకు ఇరవై నిమిషాలు ముందే చేరిన. అర్రల ఎవ్వలూ లేరు. మొదటి బెంచి మీద ఒక్కదాన్నే కూసొని, నోట్సు తెరిచి, తిట్టుకుంటనే చదువుకున్న.

ఎండలు ముదిరినంక కాలేజీ నోటీసు బోర్డు మీద పరీక్షకు కూసునేటోళ్ల నంబర్లు పెట్టిండ్రు. నా నంబరు ఉండె. బొటాబొటిగ, కానీ ఉండె. తెల్లారి ఎనిమిదిన్నరకు సేటుకు చెప్పిన. ఆయన ఉత్తరాల కట్ట ఇప్పుకుంటనే, "పరీక్షలు ఎన్ని దినాలు?" అన్నడు.

"పది దినాలు. అన్నీ పగటిపూటనే."

"కాగితంల పరీక్షల సెలవు రాసుకున్నవా?"

రాసుకోలే. ఐదు లైన్లల్ల అన్నీ పెట్టిన అనుకున్న, చదువు కోసమే ఇంత లొల్లి చేసి, పరీక్షల సంగతే మరిచిన.

"వకీల్ బన్తీ హై! వకీలైతదట!" అని సేటు మునీమ్‌జీకి చూపించిండు నన్ను. మునీమ్‌జీ నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నడు. "జా. ఇంకో కాగితం కొట్టుకొని రా. ఈసారి మంచిగ ఆలోచించి రాయి, సాయంత్రం దాంక టైమిస్త."

"ఐదింటి దాంకనే ఉంటా" అన్న, మెట్లెక్కుకుంట.